అతుకేసిన భేరి

కామెరూన్ కొండల్లో ఆ సాయంత్రం సన్నగా వాన పడతా ఉంది. టాంఫు పని పాకలో కూర్చుని తను చెక్కిన భేరికి ఎర్రపొడి రుద్దుతున్నాడు. మనిషంత దుంగని తొలిచి, పైన సన్న చీలిక పెట్టి, ఓ చివర కొత్త రాజుగారి తల చెక్కాడు. తెల్లారితే కోటకి మోసుకెళ్తారు. ఆ ఊళ్ళో రాజు మాటంటే భేరి మాటే; సన్న దెబ్బా లావు దెబ్బా కలిపి మనుషుల పేర్లు కూడా పలికిస్తారు.

భేరి వాయించే ముసలాయన న్యాంగో ఇందాకే చూసిపోయాడు. "నీ మొహంకంటే నువ్వు చెక్కిన మొహమే నయంరా అల్లుడూ" అని నవ్వి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక కనబడింది... చీలిక పక్కన పగులు.

పగిలిన భేరి ఇచ్చినోడి ఉలి లాక్కుని, పెళ్ళాంతో సహా ఊరవతలకి తోసేస్తారు. తన పెళ్ళాం కువాన్‌కి చూస్తే నెలలు నిండాయి.

కోట గోడ వెనకాల చచ్చిపోయిన రాజు భేరి పడుంది. దాన్నెవరూ ముట్టుకోకూడదు. అదలా కుళ్ళిపోవాల్సిందే. ఆ రాజు బతికున్నప్పుడు భేరి ఎవరి పేరు పలికితే వాడు కోటకి వెళ్ళాలి. వాడి వెనకాలే ఇంట్లోవాళ్ళు తలుపేసుకోవాలి. వెళ్ళినోడు ఒక్కడూ తిరిగి రాలేదు.

టాంఫు దాన్నించే గట్టి ముక్కొకటి కోసుకొచ్చాడు. చెదలు తిన్న ఆ రాజు మొహంకేసి చూడలేదు. ముక్క పగుల్లో సరిగ్గా కూర్చుంది. ఒక్క దెబ్బ కొట్టి చూశాడు. బాగా మోగింది. హమ్మయ్య అనుకున్నాడు.

అటు తిరిగాడో లేదో, మళ్ళీ మోగింది.

కర్రలు తన చేతిలోనే ఉన్నాయి.

సన్నగా ఒక దెబ్బ. లావుగా ఒక దెబ్బ. టాం... ఫు...

తడిసిన పుర్రెలాంటి వాసన. ఉలి తీసుకుని అతుకు పీకబోయాడు. అతుకు దొరకలేదు. ఎక్కడ తడిమినా ఒకే చెక్క.

టాం... ఫు...

పరిగెత్తాడు. ఇంటి తలుపు వేసుంది.

"కువాన్... నేనే. తియ్యి."

లోపల ఊపిరి చప్పుడు. గుసగుసగా అంది.

"ఎవరు నువ్వు? మా ఆయన్ని పిలిచారు. ఇందాకే వెళ్ళిపోయాడు. నేనే తలుపేశాను."

టాంఫు కిందకి చూశాడు. బురదలో అడుగులు గుమ్మంలోంచి కోటకేసి వెళ్ళాయి. తన పాదంలాగే ఎడమ పాదానికి చిటికెనవేలు లేదు. అవి తనవే.

తను నించున్న చోట మాత్రం బురద నున్నగా, ఒక్క అడుగూ పడకుండా ఉంది.