ఊపిరి తీసెయ్

కరోనా రెండో ఏడాది. సూరత్ శివారు ఉన్ అనే పేటలో మరమగ్గాలు మూగబోయాయి. రాత్రింబవళ్లు చెవులు హోరెత్తించే చప్పుడు ఆగిపోయేసరికి వాడంతా దిగులుపడింది గానీ, పరమేశ్వర్‌కు మాత్రం పండగైంది. పాటలు రికార్డు చేసి ఛానల్లో పెట్టడం అతని పిచ్చి. అమ్ముడుపోని చీరల మూటలు గోడల వెంట, తలుపు వెనక పేర్చి, కిటికీకి బొంత కట్టి, ఇంట్లోనే స్టూడియో చేసుకున్నాడు. ఊపిరి మైకుకు కొట్టకుండా ఎంబ్రాయిడరీ రింగులో పల్చటి చీర ముక్క బిగించి అడ్డం పెట్టాడు.

ఆ ముక్క అక్క పద్మారాణి చీరది. ఛానల్‌కు పేరు తెచ్చిన పాట కూడా ఆమెదే. నెల కిందట జ్వరంతోనే పాడింది. "జర ఆగు తమ్మీ, దమ్మొస్తున్నది" అని చేతులు జోడించింది. అతను వినలేదు. ఊపిరి వినబడకుండా ఇంకొక్కసారి పాడమన్నాడు. బిగబట్టి పాడి, అక్కడే కూలబడింది. మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గరే పోయింది. ఈ మహానుభావుడు పాటలో మిగిలిన ఆమె ఆయాసాన్ని శుభ్రంగా కోసేసి, భార్య హారతి పేరుతో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం హారతి పాడుతోంది. హెడ్‌ఫోన్లో ఎవరో ఆయాసంగా గాలి పీల్చారు. మొహం పక్కకు తిప్పి పీల్చమని కసిరాడు.

"నేనిప్పుడు ఊపిరే తీస్కోలే" అంది హారతి.

ఆమెను బయటికి పంపి, గడియ పెట్టి, మూటలు మళ్లీ అడ్డం జరిపి, ఖాళీ గదిని రికార్డు చేశాడు. గుర్ర్... మళ్లీ అదే. నీలగిరి తైలం వాసన గుప్పుమంది. అక్క చివరి రోజుల్లో ఆవిరి పట్టుకున్న వాసన. భయమేసింది. అయినా బుద్ధి మారలేదు. కంప్యూటర్ తెరమీద ఆ శ్వాస గీతను ఎంచుకుని, ఎప్పుడూ గొణిగే మాటే గొణిగాడు.

"ఊపిరి తీసెయ్."

డిలీట్ నొక్కాడు. చప్పుడు పోయింది.

అప్పుడు వినబడింది, చెవికి ఆనుకుని, గుసగుసగా.

"తీసేస్త తమ్మీ."

పరమేశ్వర్ నోరు తెరిచాడు. గాలి రాలేదు. మళ్లీ తెరిచాడు... రాలేదు. తలుపు వైపు పాకాడు. మూటల వెనకున్న గడియ అందలేదు. అవతలే హారతి ఉంది. రెండు చేతులా బాదాడు. చీరల మూటలు చప్పుడంతా మింగేశాయి. ఆ ఏర్పాటు అతనిదే.

కళ్లు మూతపడుతుండగా వెనక్కి చూశాడు. మైకు ముందు ఎవరూ లేరు. రింగులోని చీర ముక్క మెల్లగా లోపలికి పోయింది. మెల్లగా బయటికి ఉబ్బింది.

మళ్లీ లోపలికి... ఆయాసం లేకుండా, హాయిగా.