ఏసుదానం సముద్రం

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఏసుదానం ఇంటి ముందుగదిలో ఒక చిన్న సముద్రం ఉండేది. జానెడు బొమ్మ. బూడిద రంగు అలలు, దూరంగా ఒక ఓడ. దానికి బొంబాయిలో పతకం వచ్చింది, పేపర్లో పేరు పడింది. ఆ పేరుతో ఆయన పదేళ్లపాటు ఓడలు, రేవులు గీశాడు. ఏ అలలోనూ జీవం లేదన్నారు చూసినవాళ్లు. అడిగేవాళ్లు లేకుండా పోయారు. చివరికి సొంతూరికి తిరిగొచ్చి దుకాణాల బోర్డులు రాసుకుంటున్నాడు.

నిజానికి ఆ బొమ్మ ఆయనది కాదు. బొంబాయిలో ఒకే గదిలో ఉన్న మోస్రా ఊరి పోశన్నది. పోశన్న సముద్రంలో మునిగి చనిపోయాక, బొమ్మ మూలన ఏసుదానం తన పేరు రాసుకున్నాడు.

1971 మే నెల, ఆదివారం. భార్య శారమ్మ చర్చికి పోయింది. వడగాలికి కిటికీలు మూసి, ఏసుదానం మంచం మీద ఒరిగాడు. తలుపు చప్పుడైంది. తీస్తే, ఒక ముసలామె.

"పోశన్న అవ్వను బిడ్డా, భీమవ్వను. నా కొడుకు గీసిన బొమ్మ నీ తాన ఉన్నదట. ఒక్కసారి సూసిపోత."

"గా బొమ్మ నేను గీసిందవ్వా."

తడబడలేదు. పదిహేనేళ్లుగా చెప్పి చెప్పి నోటికి అలవాటైన మాట.

"సరే. సూడనియ్యి."

ఆమెను లోపలికి పంపి, తను అరుగు మీదే ఉండిపోయాడు. కాసేపటికి ఆమె గొంతు మెల్లగా వినిపించింది. కొడుకును తలుచుకుంటోందిలే అనుకున్నాడు. అంతలో... ఎవరో బదులిచ్చారు. మాటలు తెలియడం లేదు. గొంతు నిండా నీళ్లున్నట్టు గొరగొర... గడప దాటి వాసన వచ్చింది. ఉప్పు. కుళ్లిన చేప. తారు. బొంబాయి రేవు వాసన.

లేవబోయాడు. మళ్లీ కూర్చున్నాడు.

భీమవ్వ బయటికొచ్చింది. కళ్లలో తడి లేదు.

"తెడ్డు ఎందుకు గుంజుకున్నవ్ బిడ్డా?"

పోశన్న మునిగిన పూట పడవలో ఉన్నది ఇద్దరే. నీళ్లలో పడ్డ పోశన్న తెడ్డు కొస పట్టుకున్నాడు. ఏసుదానానికి ఆ క్షణంలో గదిలో ఆరుతున్న బొమ్మే గుర్తొచ్చింది. తెడ్డు విదిలించాడు. ఆ సంగతి శారమ్మకు కూడా చెప్పలేదు.

"నీకు... ఎవలు చెప్పిండ్రు?"

"కోపం లేదంటుండు. నీకు అలలు గీయొస్తలేదట గద." ఆమె గొంతు తగ్గించింది. "నేర్పిస్తడట."

ఆ మాట అని, ఎండలో పడి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

శారమ్మ వచ్చేదాకా ఏసుదానం అరుగు దిగలేదు, లోపలికీ పోలేదు.

"ఎవలొచ్చిండ్రు? ఇల్లంత తడి చేసిండ్రు," అంది శారమ్మ లోపలినుంచి.

గడప దగ్గర నిలబడి చూశాడు. బొమ్మ ఉన్న గోడ కింద మొదలయ్యాయి, వట్టికాళ్ల తడి అడుగులు. గది దాటి, తిన్నగా ఆయన మంచం దాకా వచ్చాయి.

వెనక్కి మళ్లిన అడుగు ఒక్కటీ లేదు.