రెండు వందల నలభై ఒకటో మిషన్

విశ్వకర్మ పూజ కోసం ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఆపేసి ఉన్న ఆ ఉదయం, నెల క్రితం చనిపోయిన గవరయ్య కంప్యూటర్ ఒక్కటే పనిచేస్తోంది.

ఏజెంట్ కోదండం తన లాప్‌టాప్ తెరకేసి రెప్ప వేయకుండా చూశాడు. వరసగా బూడిదరంగు చుక్కలు. వాటి మధ్య ఒకే ఒక్క పచ్చచుక్క. యూజర్: గవరయ్య.

సెప్టెంబర్ 17, 2008. ఖిదిర్‌పూర్ ఓడరేవు. భాగీరథి కంటైనర్స్, మూడో అంతస్తు. కిటికీ బయట ఆకాశం నిండా గాలిపటాలు. కింద డాక్‌లో పూజ డోలు, ఢాక్, మోగుతోంది.

కంపెనీ దృష్టిలో కోదండం కన్సల్టెంట్. కంప్యూటర్లు, ఫోన్లు, గేటు స్కానర్లు అన్నిటినీ ఒకేచోటి నుంచి అదుపు చేసే సాఫ్ట్‌వేర్ ఏది కొనాలో సలహా ఇవ్వాలి. ఢిల్లీ ఇచ్చిన అసైన్‌మెంట్ వేరు. పోటీలో ఉన్న రెండింటిలో, ఇప్పటికే ఇక్కడ ట్రయల్‌గా నడుస్తున్న 'వన్‌కీ' వెనక విదేశీ ముఠా ఉందని అనుమానం. అదే నిజమైతే, నేవీ సరుకు ఏ కంటైనర్లో ఉందో, ఏ గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో అంతా వాళ్ల గుప్పిట్లోకి పోతుంది. రుజువు కావాలి.

ఆ అనుమానం ఢిల్లీకి రాసినవాడు, కంప్యూటర్ల లిస్టు చూసే గవరయ్యే. 'తొందరగా రండి' అన్నది ఉత్తరంలో చివరి మాట. కోదండం నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే గవరయ్య శవం డాక్ నీళ్లలో తేలింది. ఆ నాలుగు రోజులు కోదండాన్ని ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

"ఆ మిషన్ స్క్రాప్‌కి పోయిందండీ," అన్నాడు డైరెక్టర్ రఘురాం ప్రసాదం నములుతూ. "బగ్ అయ్యుంటుంది. పన్నెండుకి వన్‌కీకి సంతకం పెట్టేస్తున్నాను. ఎనిమిది మంది పని ఒక్క తెర చేస్తుంది. ఇంకేం కావాలి?"

"మీ దగ్గర ఎన్ని మిషన్లున్నాయో తెలియాలి సార్. మీరు రెండొందల నలభై అంటున్నారు. మీ వన్‌కీ రెండొందల నలభై ఒకటి చూపిస్తోంది."

"చనిపోయినవాడు డ్యూటీకి వస్తున్నాడంటారా?" నవ్వుతూ వెళ్లిపోయాడు రఘురాం.

అతను అటు వెళ్లగానే వన్‌కీ సేల్స్ మేనేజర్ శారద లోపలికొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఎర్రంచు తాంత్ నూలుచీర.

"ఇవాళ ఇలిశ చేప దొరికిందా?" అని అడిగింది.

"లేదు. భేట్కీతో సరిపెట్టుకున్నాను."

కోడ్ సరిపోయింది. ముఠా జీతం తీసుకుంటూ ఢిల్లీకి పనిచేసే మనిషి ఆమె.

"సంతకం కాగానే ట్రయల్ పోయి పూర్తి లైసెన్స్ వస్తుంది," అంది శారద గబగబా. "ఆ క్షణం నుంచి మిగతా మిషన్లన్నీ గవరయ్య మిషన్ చెప్పినట్టు వింటాయి. దాన్ని ఆడించేవాళ్లు దేశం బయట ఉన్నారు."

"ఎక్కడుందది? లోపలి మనిషెవరు?"

"రెండూ నాకు చెప్పలేదు."

"రఘురాంని ఎంతసేపు ఆపగలవు?"

శారద హ్యాండ్‌బ్యాగ్ తట్టింది. "ఇంకు లేని పెన్నులు మూడున్నాయి."

టైమ్ 11:48.

ఆమె వెళ్లగానే కోదండం వన్‌కీ మెనూ తెరిచాడు. పోగొట్టుకున్న మిషన్‌ని మోగించే బటన్ ఒకటుంది. నొక్కాడు.

కింద ఢాక్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో, వరండా చివర నుంచి సన్నగా... బీప్. బీప్.

కోదండం పరుగెత్తాడు.

పాత రికార్డుల గది ముందు స్టోర్ కీపర్ పోలిరాజు చెవులు మూసుకుని నిలబడి ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాడు.

"ఇన్నారా బాబూ? ఆడే. గవరయ్యే. ఆ గది తియ్యకండి."

"తాళాలియ్యి, దాదా."

"నెల్లాళ్ల నుంచి ఇంతన్నాను బాబూ. తలుపేసున్నా లోపల ఏటో గుయ్‌మంతాది..."

కోదండం తాళాలు లాక్కుని తలుపు తెరిచాడు. చెమ్మవాసన. పైకప్పు దాకా పాత రిజిస్టర్లు. శబ్దం వాటి వెనక నుంచి వస్తోంది. రెండు చేతులా రిజిస్టర్లు పక్కకి తోశాడు.

చీకట్లో చిన్న పచ్చదీపం. కంప్యూటర్ పెట్టె నుదుటి మీద తాజా సిందూరం బొట్టు. పైన తడి ఆరని బంతిపువ్వు.

జేబులో ఫోన్ అదిరింది. శారద గుసగుస: "మూడో పెన్ను అయిపోయింది. ఆయన తన పెన్ను తీశాడు. పెడుతున్నాడు..."

కోదండం గోడలోంచి నెట్‌వర్క్ కేబుల్ పీకేశాడు.

"సంతకం అయిపోయింది," అంది శారద.

"కానియ్యి. అధికారం పుచ్చుకోడానికి అవతల ఎవరూ లేరు. ఆ కాగితం ఆయన్ని దాచుకోమను."

కేబుల్ పీకినా బీప్ మాత్రం ఆగలేదు. కోదండం వెనక్కి తిరిగాడు. గడపలో పోలిరాజు చేతులు కిందికి వేలాడుతున్నాయి. కుడిచేతి ఉంగరపు వేలు ఎర్రగా ఉంది.

"పొద్దున పూజలో మిషన్లకి బొట్లు పెట్టిందెవరు దాదా?"

పోలిరాజు గోడకి జారి నేల మీద కూలబడ్డాడు.

"నేనే బాబూ. అన్నిటికీ ఎట్టి ఆడి మిషనొక్కటీ ఎలగ ఒగ్గీమంతారు? ఈ సాఫ్ట్‌వేరొస్తే ఎనిమిదిమందిమీ ఇంటికేనన్నారు. ఆ వన్‌కీ ఓల్లు సెప్పిన మిషన్ని స్క్రాప్ అని రాసి ఇక్కడ దాసితే నన్నొక్కడ్నీ ఉంచుతామన్నారు. గవరయ్యకి తెలిసిపోనాది. 'ఢిల్లీకి రాసీసినాన్రా, బయపడకు' అని ముందు నాకే సెప్పినాడు. జెట్టీ అంచున బీడీ ఎలిగించుకుంతన్నాడు. ఎనకనించి తోసీసినాను. తోసింది నేనని ఆడికి తెల్దు బాబూ. నీల్లలోంచి నన్నే పిలిసినాడు, సెయ్యియ్యరా అని."