తలకిందులైన పేరు

ఇరవై మూడో పళ్ళేన్ని చదువరి యంత్రం సొరుగులోకి తోసి, వకుళ తెర వైపు చూసింది. పళ్ళెంలో తొంభై ఆరు గుంటలు. ఎడమ సగంలో రోగి పెద్దపేగులోంచి తీసిన క్యాన్సర్ కణాలు, కుడి సగంలో అదే మనిషి మంచి కణాలు. మూడు రోజుల కిందట అన్నిట్లోనూ ఒకే మందు పడింది. ఎడమవైపు చచ్చి కుడివైపు బతికితే నిర్ణేత అనే తీర్పు యంత్రం పచ్చదీపం వెలిగిస్తుంది. పచ్చదీపం వెలిగిన మందు సరిగ్గా పది గంటలకు గోడ అవతలి వార్డులో రోగి నరంలోకి దానంతటదే ఎక్కుతుంది. మధ్యలో డాక్టరు సంతకం అక్కర్లేకుండా పోయి పదకొండేళ్ళయింది.

ఎడమవైపు ఒక్క కణం మిగల్లేదు. కుడివైపు ఒక్కటీ చావలేదు. పచ్చదీపం వెలిగింది, చదివిన పళ్ళెం ఎప్పటిలాగే కొలిమిలోకి జారిపోయింది. యంత్రం తీసిన దాని ఫోటో తెరిచి చూసే తీరిక ఆ గదిలో ఎవరికీ ఉండదు. ఇంత శుభ్రమైన ఫలితం ఎన్నడూ చూడలేదని ముచ్చటపడి వకుళ తెరిచింది.

పళ్ళెం అంచున తాను రాసిన పేరు తలకిందులుగా ఉంది.

పేర్లు రాయమని నిబంధనల్లో లేదు. యంత్రం దృష్టిలో ఆ సిరా ఒట్టి మరక. అయినా ఈ గదిలో అందరూ పై అంచున పేరు రాస్తారు, ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఈ పేరైతే అడిగి మరీ రాయించుకున్నది. కణాలు తీసిన రోజు, భీమిలిలో ఎండుచేపలు అమ్మే పైడమ్మ వకుళ చెయ్యి పట్టుకుని, "నంబరెయ్యకమ్మా, నా పేరు రాయి" అంది.

పళ్ళెం ఎటు పెట్టాలో వకుళ ఇన్నేళ్ళూ కళ్ళతో చూసుకున్నది లేదు. ఒక మూల కోసి ఉండేది, బొటనవేలికి అది తగిలితే చాలు. ఈ నెల వచ్చిన కొత్త పళ్ళేలకు ఆ కోత లేదు. అంటే తిప్పి పెట్టేసింది. చచ్చినవి పైడమ్మ మంచి కణాలు. క్యాన్సర్ నిక్షేపంలా ఉంది.

తొమ్మిది నలభై. వార్డులో ఫోనెత్తే మనిషి లేడు. తనలాగే పళ్ళేలు పెట్టే గది పెద్ద జోగారావు దగ్గరికి వకుళ పరుగెత్తి, అంతా చెప్పింది. ఆయన ఫోటోని చాలాసేపు చూశాడు. అభ్యంతరం రాసివ్వొచ్చనీ, నిర్ణేత దాన్ని రేపు చూస్తుందనీ అన్నాడు.

"రేపటికి ఆవిడ ఉండదండీ."

"సిరా సాక్ష్యం కాదమ్మా. తప్పని ఒప్పుకుంటే పళ్ళేలు ముట్టుకునే చేతిహక్కు పోద్ది. నీదీ, నాదీ. ఏటి చేస్తాం?"

చెడ్డవాడేం కాదు. పదవీ విరమణకు రెండేళ్ళుంది, భయపడ్డాడు, అంతే. భయం వకుళకీ ఉంది.

ఆపే దారి ఒకటే. వట్టి చెయ్యి పళ్ళేనికి తగిలితే ఆ గదిలో ఆరోజు ఫలితాలన్నీ రద్దు. కానీ పైడమ్మ కాక పొద్దుట్నుంచి పచ్చదీపం వచ్చినవాళ్ళు పదిహేనుమంది. మళ్ళీ కణాలు పెంచాలి, మళ్ళీ మూడు రోజులు ఆగాలి. వాళ్ళలో ఎవరికి మూడు రోజుల ఆయువుందో, ఎవరికి లేదో. అసలు తాను పేరే తలకిందులుగా రాసిందేమో.

తొమ్మిది యాభై నాలుగుకి వకుళ కుడిచేతి తొడుగు లాగేసింది. ఇరవై నాలుగో పళ్ళెం మూత తీసి, మొదటి గుంటలో వేలు పెట్టింది. గులాబీ ద్రవం చల్లగా తగిలింది.

గంట మోగింది. తలుపులు బిగుసుకున్నాయి. పదహారు పచ్చదీపాలూ ఆరిపోయాయి. విచారణ కోసం నిర్ణేత పొద్దుటి ఫోటోలన్నిటినీ గోడ మీద పరిచింది.

ఇరవై మూడు ఫోటోలు. నాలుగింటిలో పేర్లు తలకిందులుగా ఉన్నాయి. ఒకటి వకుళ రాత. తక్కిన మూడూ జోగారావు గుండ్రటి రాత.

ఆయన గోడ దగ్గరికొచ్చి, మెడ వంచి, ఆ మూడు పేర్లనూ ఒక్కొక్కటే చదివాడు. వకుళని కసురుకోలేదు. నిర్ణేత వైపు తిరిగాడు.

"నిన్నటివి చూపించు."