ఓడకు ఐదు ఒత్తులు, పాతరకు ఆరు

శంఖుదీవిలో అన్నం ఓడ దిగి వచ్చేది. ఉప్పు, చేపలు తప్ప తినేదంతా అవతలి ఒడ్డుదే. ఓడ రేవుకు రాగానే రాజుగారి పెద్దకూతురు కనకాంగి వెండి పళ్ళెంలో ఐదొత్తుల హారతి ఇచ్చేది. జనమంతా ఆమెను చూసి మురిసిపోయేవారు. చిన్నకూతురు నాగమల్లి నూనెగిన్నె పట్టుకుని వెనక నిలబడేది. పిల్లలూ, హారతిలో మంట కంటే ఆ పిల్ల కడుపులో మంటే ఎక్కువ.

ఆ యేడు తుఫాను పట్టి వదల్లేదు. ఓడలు రాలేదు. ఆకలికి తాళలేక జనం పెరట్లో చామ, పెండలం నాటితే ఒక్కటీ మొలవలేదు. ఇది కొండగుహలోని మట్టిరక్కసి శాపమని జ్యోతిష్కుడు చెప్పాడు. శాపం విడిపించినవారికే రాజ్యమని రాజు చాటింపు వేయించాడు.

అక్క ఎక్కడ ముందు బయలుదేరుతుందోనని నాగమల్లికి ప్రాణం నిలవలేదు. తన నూనెగిన్నెతో పాటు అక్క హారతి పళ్ళెం కూడా దొంగిలించి అడవిదారి పట్టింది. పళ్ళెంతో పనేమిటంటారా? ఏమీ లేదు. అది అక్క దగ్గర ఉండకూడదు, అంతే.

ముళ్ళపొదలు చీర చింపినా ఆమె ఆగలేదు. వాగు దగ్గర మాట్లాడే అడవిపంది అడ్డం నిలిచి, తాను తవ్విన కందను దురద లేకుండా వండిపెడితేనే దారి ఇస్తానంది. నాగమల్లి చేతులకు నూనె రాసుకుని కంద తరిగి, చింతచిగురు వేసి వెండి పళ్ళెంలోనే ఉడికించింది. అక్క పళ్ళెం మసిబారినందుకు లోలోపల సంతోషించింది కూడా. పంది తృప్తిగా తిని పక్కకు తప్పుకుంది.

గుహలో రక్కసి గుట్టంత ఎత్తున కూర్చుని ఉంది.

"ఎందుకొచ్చావే పిల్లా?"

అబద్ధం చెబుదామనుకుంది గాని నోరు రాలేదు. "అక్కను మించిపోవాలని వచ్చాను అవ్వా. అందరూ దాన్నే చూస్తారు. నన్నెవరూ చూడరు."

"నాదీ అదే ఏడుపు," అంది రక్కసి. "కంద, చామ, కొర్ర నేనిస్తే పందులకు వేశారు. ఎక్కడినుంచో వచ్చిన బియ్యం బస్తాకు హారతులా? నాకు ఒక్కనాడైనా ఒత్తి వెలిగించారా?"

నాగమల్లి చిరిగిన చీరకొంగుతో ఒత్తులు చేసి, మిగిలిన నూనె పోసి వెలిగించింది. రక్కసి వంగి లెక్కపెట్టుకుంది.

"ఐదేనా? ఓడకూ ఐదేగా."

నాగమల్లి ఆరో ఒత్తి వేసింది. రక్కసి మొహం విప్పారింది. శాపం తీసేసి, పంట చేతికొచ్చేదాకా దీవికి సరిపడా గింజలున్న తన పాతర చూపించింది. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు నింపి, చెమ్మ చేరకుండా మట్టితో మూయడం నేర్పింది.

నాగమల్లి రాణి అయింది. తుఫానుల కాలానికి ముందే ఇంటింటి పాతర సొంత గింజతో నిండాలని, పాతరకు ఆరొత్తుల హారతి ఇచ్చాకే ఓడకు హారతని శాసించింది. మొదటి యేడు పాతర హారతి తానిచ్చి, అక్క చేతికి నూనెగిన్నె ఇచ్చింది. వెనక్కి తిరిగి కనకాంగి మొహం చూసింది. ఆ చూపు నాగమల్లికి బాగా తెలుసు. దీవికి ఇంకో శాపమెందుకని పళ్ళెం అక్కకే ఇచ్చి, గిన్నె తాను పట్టుకుంది.

తర్వాత ఎన్ని తుఫానులొచ్చినా ఆ దీవిలో పొయ్యి ఆరలేదు. రక్కసి మాత్రం ఏటా చాటుగా వచ్చి ఒత్తులు లెక్కపెట్టుకుని పోతుందట.