తాటాకుల లూకా సువార్త

కొత్తగూడెంలో సుజన డిటెక్టివ్ ఆఫీసుకు భయపడుతూ వచ్చేవాళ్లే ఎక్కువ. మే నెలలో ఒక మంగళవారం పొద్దున వచ్చిన డాక్టర్ పుష్పలత మాత్రం మండిపడుతూ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. పాత బైబిలు రాతప్రతులను చదవడం, అవి పాడవకుండా కాపాడటం ఆమె పని. ముప్పై ఏళ్లు కేరళలో, అక్కడి పాత చర్చిల ప్రార్థన భాష అయిన సిరియాక్‌లో రాసిన తోలుప్రతులతో గడిపింది. ఇప్పుడు దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న చర్చిలో తాటాకుల మీద రాసిన లూకా సువార్త కోసం వచ్చింది.

నిన్న పొద్దున చూస్తే ఆ ఆకులు లేవట. ఆమే అమ్ముకుందని సంఘం పెద్ద చిరంజీవి తేల్చేశాడు. తప్పు ఒప్పుకొని సంతకం పెట్టి వెళ్లిపోతే పోలీసులదాకా పోరట. రేపు సాయంత్రందాకా గడువు.

"నేను పెట్టను. ఆ ఒక్క సంతకం పెడితే ఇక ఏ గుడీ, ఏ చర్చీ నన్ను పుస్తకం ముట్టుకోనివ్వదు" అంది పుష్పలత.

ఆదివారం ఏం చేశారని సుజన అడిగింది. ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసి దీపపు మసి రుద్దానంది. మసి గీతల్లోకి దిగితేగానీ అక్షరాలు కనబడవు. ఒక రోజంతా నీడలో ఉంచాక పైమసి తుడవాలి. మధ్యాహ్నం ఆకులను బల్లమీద అలాగే వదిలి గదికి తాళం వేసిందట. తాళంచెవులు మూడు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి చిరంజీవి దగ్గర, మూడోది చర్చి గంట కొట్టే దూలయ్య దగ్గర.

సుజన సహాయకుడు మోతీలాల్‌కు తన మేడమ్ బుర్ర మీద గురి ఎక్కువ, తన నోటి మీద అదుపు తక్కువ. దారి పొడుగునా దొంగ చిరంజీవేనని వాదించాడు.

చర్చి గది తాళం చెక్కుచెదరలేదు. బయట గోడకు అంటించిన సంఘం నోటీసుల్లో శనివారం తేదీతో కాగితం ఒకటి ఉంది. జూన్ ఒకటిన పుస్తకాన్ని హైదరాబాద్‌లోని ప్రదర్శనశాలకు ఇచ్చేస్తున్నట్టు చిరంజీవి సంతకంతో రాసి ఉంది. పుష్పలత మొహం ఎర్రబడింది. ఆ నోటీసుల వైపు ఆమె ఎప్పుడూ చూసింది లేదు, ఆ సంగతి ఆమెతో ఎవరూ అననూ లేదు.

"అడవిల పెట్టి చెదలకు తినిపియ్యాల్నా?" అన్నాడు వాళ్ల వెంటే వచ్చిన చిరంజీవి. అతనికి పామాయిల్ తోట ఉంది, ఊళ్లో మాట చెల్లుతుంది.

చర్చి వెనకే దూలయ్య ఇల్లు. డెబ్బై ఏళ్లు దాటిన ఆ ముసలాయన అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చి మంచినీళ్లిచ్చాడు. వాకిట్లో పాత టార్పాలిన్ పట్టా మీద, బీడీలు చుట్టే తునికాకు కట్టలు వరసలుగా ఎండుతున్నాయి. ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ రెండు వేళ్ల వెడల్పున, మూరెడు పొడవున నల్లని చారలు. ఏంటవని మోతీలాల్ అడిగితే ఆకు మరకలన్నాడు. సుజన నీళ్లు తాగి వచ్చేసింది.

బుధవారం మధ్యాహ్నం సుజన సంఘం వాళ్లందరినీ చర్చిలో కూర్చోబెట్టింది. చిరంజీవి తప్పొప్పుకోలు కాగితం, పెన్ను ముందే బల్లమీద పెట్టాడు.

"పుస్తకం తీసింది అమ్ముకునే మనిషి కాదు" అంది సుజన. "అమ్ముకునేవాడు తడి ఆకును మూట కట్టుకొని బస్సెక్కుతాడు. ఈ మనిషి కూర్చొని ఎండబెట్టాడు. పుష్పలతగారు తాటాకును చచ్చినా ఎండలో పెట్టరు, వంకర్లు పోతుంది. చిరంజీవిగారు ఎలాగూ ఇచ్చేయబోతున్నారు, దొంగిలించే పనేముంది? తడి ఆకు కనబడగానే ఎండలో పరిచేది తునికాకుకు అలవాటుపడ్డ చెయ్యి. కానీ తునికాకుకు మసి ఉండదు, దూలయ్య పట్టా మీద మాత్రం మసి చారలున్నాయి."

దూలయ్య లేచి నిలబడ్డాడు. తల వంచలేదు.

"అవ్, నేనే తీసిన. మా తాతకు తాత రాసిన పుస్తకమది. మా నాయిన చిన్నగున్నప్పుడు గిట్లనే, భద్రంగ పెడ్తమని పాత గంటను తీస్కపోయిండ్రు. మల్ల రాలే. దీన్ని పోనియ్య. ఈ అమ్మ మీద నింద వడ్తే నోరు మూసుకున్న, అది నా తప్పే. పుస్తకం దాచిపెట్టుడు తప్పు కాదు. పోలీసులను పిలుసుకోండ్రి."

ఇంటికి పోయి, వడ్ల గుమ్మిలోంచి మూట తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆకులు వంకర తిరిగి ఉన్నాయి. వాటిని చూసి పుష్పలతకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చాలాసేపు ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక్క అక్షరం పోలేదు.

తర్వాత చిరంజీవి కాగితాన్ని వెనక్కి తిప్పి పెన్ను తీసుకుంది. ఈ పుస్తకం ఈ ఊరు దాటదని, ఇక్కడే ఉండి దాన్ని తాను బాగుచేస్తానని రాసి, కింద సంతకం పెట్టింది.

"సంతకం కావాలన్నారుగా. మీరూ పెట్టండి" అంది.

చిరంజీవి జనం వైపు చూశాడు. ఒక్కరూ కూర్చుని లేరు, అందరూ దూలయ్య పక్కకు చేరారు. పెన్ను అందుకోక తప్పలేదు.

"ఇవి సాపు కావాలంటే రెండు నెలలు పడుతుంది. రోజూ నూనె రాయాలి, నీడలో బరువు కింద పెట్టాలి. ఆ కొస నువ్వు పట్టుకో" అంది పుష్పలత దూలయ్యతో. ఆమె గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

దూలయ్య చేతులు కడుక్కొని వచ్చాడు. కూర్చోబోతూ, బల్లమీద పడుతున్న ఎండ చూసి వెనక్కి వెళ్లి తలుపు మూశాడు.