బ్రేక్ పిన్ను

పరుగు!

సోల్మాజ్ బూట్లు మంచుమీద జారుతున్నాయి. గుప్పిట్లో విరిగిన ఉక్కు పిన్ను. వెనక బెహ్రూజ్!

"ఆగు సోల్మాజ్! చెప్పేది విను!"

ఆగితే చంపేస్తాడు!

తబ్రీజ్ బజారు సాయంత్రం రద్దీలో కిక్కిరిసి ఉంది. ఎండుపళ్ళ బండి పక్కనుంచి దూరి సందులోకి తిరుగుతుంది.

పొద్దున తన వర్క్‌షాప్‌కి వచ్చింది బెహ్రూజే. లిఫ్ట్ మెకానిక్ దావూద్ దగ్గర పనిచేసేవాడు. బ్రేక్ పిన్ను విరిగి, లిఫ్ట్ మీదపడి దావూద్ పోయింది మొన్ననే.

"ఈ పిన్నుని స్కాన్ చేసి కంప్యూటర్లో మోడల్ చెయ్యి. ఎవరికీ చెప్పకు."

కొత్త పిన్ను చేయించడానికేమో అనుకుంది. విరిగిన ముక్కల్ని కొలిచి, మళ్ళీ తయారుచేసేలా మోడల్ గీయడం ఆమెకి రోజూ ఉండేదే.

సాయంత్రం పని మొదలుపెడితే, లేజర్ వెలుగు పిన్ను చుట్టూ పాకింది. తెరమీద లక్షల చుక్కలు... ఆకారం లేచింది. విరిగిన చోటు పెద్దదిచేసి చూసింది.

సగం గరుగ్గా ఉంది. విరిగితే అంతే. మిగతా సగం..?

వరసగా సన్నటి గీతలు.

రంపం!

అప్పుడే గుమ్మంలో బెహ్రూజ్. "చూసేశావా?"

పిన్ను లాక్కుని వెనక తలుపులోంచి దూకింది...

అదిగో, దావూద్ ఇల్లు! తలుపు బాదుతుంది.

దావూద్ భార్య తూరాన్ తీస్తుంది. ఒంటిమీద నల్లబట్టలు.

"తూరాన్ ఖానుం! గడియ వెయ్యండి, వాడొస్తున్నాడు! మీ ఆయనది యాక్సిడెంట్ కాదు. ఈ పిన్ను..."

తూరాన్ గడియ పెడుతుంది. "కూర్చో తల్లీ. వణికిపోతున్నావ్, టీ తెస్తా. అయ్యో... సగందాకా కోసి వదిలేస్తారా, పాపిష్టోళ్ళు!"

సోల్మాజ్ ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

కోత సంగతి తనింకా చెప్పనేలేదు!

బయట తలుపు దద్దరిల్లుతోంది. "సోల్మాజ్! ఆవిణ్ణి నమ్మకు! రంపం వాళ్ళింట్లోనే చూశాను! సాక్ష్యం కోసమే పిన్ను నీకిచ్చాను!"

తూరాన్ చెయ్యి చాపుతుంది.

"ఇటివ్వు."

శాలువా కిందనుంచి రెండో చెయ్యి... పిస్తోలు!

సోల్మాజ్ పిన్నుని ఆవిడ మొహంమీదికి విసిరికొడుతుంది. గడియ లాగేస్తుంది. ఇందాకటిదాకా ఎవరికి భయపడి పరిగెత్తిందో అతని మీదికే దూకుతుంది!

ఢాం!

ఆమెని పక్కకి తోసేసిన బెహ్రూజ్ గడపమీద కూలిపోతాడు.

తూరాన్ తలెత్తుతుంది. చేతిలో పిస్తోలు ఇంకా పొగలు కక్కుతోంది.

ఈసారి సందంతా చూస్తోంది!